గోపాలపురం ఒడ్డున ఒక రాయి కావాలి

సంపాదకులకు నమస్కారం.

నేను బరంపురంలో ఉంటాను. ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. కిందటి అక్టోబరు చివర్లో మావారూ నేనూ జపాను చుట్టూ ఓడలో పదిహేడు రోజులు తిరిగి వచ్చాం. మా అబ్బాయి యోకొహామాలో ఉద్యోగం చేస్తున్నాడు, టికెట్లు వాడే తీశాడు. వచ్చిన దగ్గర్నుంచీ ఇంటికి వచ్చిన వాళ్ళందరూ ఓడలో తిండి ఎలా ఉంది, గది ఎంత ఉంది, ఎంత ఖర్చయింది అని అడుగుతున్నారు. అడిగినవన్నీ చెప్తున్నాను గానీ నాకు చెప్పాలని ఉన్నది వేరే ఉంది, అది మా బరంపురం దగ్గర ఒడిశా తీరంలో ఉన్న గోపాలపురం గురించి. తుఫాను నీళ్ళు ఎంతవరకు వచ్చాయో, అక్కణ్ణుంచి స్టీమరెక్కి బర్మా వెళ్ళినవాళ్ళు ఎవరో గుర్తుండేలా అక్కడ రాళ్ళు పాతాలి, అందుకే మీకు ఈ ఉత్తరం.

మేం ఎక్కిన ఓడ యోకొహామా నుంచి తూర్పు తీరం పట్టుకుని పైకి వెళ్ళి మియాకో, హకొదాతే, అవొమోరి చూపించి, అవతల జపాను సముద్రం వైపు తిరిగి కనజావా, మైజురు, సకాయిమినాతో మీదుగా కిందికి దిగి, కొరియాలో బుసాన్ తాకి, నాగసాకి, కగోషిమా, కోచి చూసుకుని మళ్ళీ యోకొహామా చేరింది. మధ్యలో బుసాన్ ఎందుకంటే, విదేశీ జెండా కట్టిన ఓడ కేవలం జపాను రేవుల మధ్యే ప్రయాణికుల్ని తిప్పడానికి వాళ్ళ చట్టం ఒప్పుకోదు, ఒక పరాయి దేశపు రేవు తాకి రావాలి. సకటా అనే ఊళ్ళో కూడా దిగాల్సింది, ఆ రోజు గాలి ఎక్కువగా ఉండి కెప్టెన్ ఓడను రేవులోకి తీసుకెళ్ళలేదు. ఎవరూ గొణగలేదు. మనవైపు వాళ్ళకి అక్టోబరు గాలి అంటే ఏమిటో వేరే చెప్పాలా? ఫైలిన్ తుఫాను 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014లో సరిగ్గా అదే తేదీన, తిత్లీ 2018 అక్టోబరు 11న. ఆ నెలలో సముద్రం మీదికి వెళ్తున్నాం అనగానే మా అక్క టెన్షన్ పడిపోయి రోజూ రెండుసార్లు ఫోన్ చేసింది. జపానుకీ తుఫాన్లు ఇంచుమించు ఆ రోజుల్లోనే వస్తాయి. వాళ్ళకి భూకంపాలు, సునామీలు అదనం.

మియాకోలో దిగి బస్సులో తరో అనే చిన్న ఊరికి వెళ్ళాం. దారి పొడవునా అక్కడక్కడ నీలం బోర్డులు కనిపించాయి. ఏం రాసి ఉందని అడిగితే మాతో వచ్చిన గైడు చెప్పింది, వెనకటి సునామీ నీళ్ళు వచ్చిన జాగా ఇక్కడ మొదలు అని ఒక బోర్డు, కొంత దూరం పోయాక ఇక్కడితో ఆఖరు అని ఇంకో బోర్డు అని. అంతే రాసి ఉంది. రోజూ కూరగాయలకి వెళ్ళేవాళ్ళు, బడికి వెళ్ళే పిల్లలు ఆ రెండు బోర్డుల మధ్య నుంచే వెళ్ళి వస్తుంటారు. తరోలో పది మీటర్ల ఎత్తు గోడ ఉంది, 1933లో సునామీ వచ్చి ఊరు తుడిచిపెట్టుకుపోయాక కట్టడం మొదలుపెట్టారు, తర్వాత పెంచుకుంటూ పోయి మొత్తం రెండున్నర కిలోమీటర్ల దాకా తెచ్చారు. 2011 మార్చి 11న నీళ్ళు ఆ గోడ మీంచే దూకి వచ్చాయి. ఊళ్ళో ఒక ఆరంతస్తుల హోటల్‌ని అలాగే వదిలేశారు. కింది రెండంతస్తుల్లో గోడలు లేవు, వంగిన ఇనుప స్తంభాలే ఉన్నాయి, మధ్యలోంచి అవతలి కొండ కనిపిస్తుంది, పై అంతస్తుల్లో కిటికీలు మామూలుగా ఉన్నాయి. నేను దాని ముందు చాలాసేపు నిలబడిపోయాను. కూలగొట్టి కొత్తది కట్టుకోవడం వాళ్ళకి చేతకాక కాదు. కూలగొడితే ముందు తరం వాళ్ళు నమ్మరని ఉంచారు.

అదే మియాకో పరిధిలో అనెయోషి అని ఇంకో పల్లె ఉంది. మేం అక్కడిదాకా వెళ్ళలేకపోయాం, గైడు ఫోటో చూపించింది. కొండ దారి పక్కన నడుం ఎత్తు రాయి ఒకటి. ఇక్కడికి కింద ఇళ్ళు కట్టకండి అని దాని మీద చెక్కారు. 1896లో సునామీ వచ్చినప్పుడు ఊళ్ళో మిగిలింది ఇద్దరు, 1933లో నలుగురు అని కూడా అందులో ఉంది. ఊరివాళ్ళు ఆ మాట విని పైనే ఇళ్ళు కట్టుకున్నారు. 2011లో అనెయోషి లోయలో నీళ్ళు నలభై మీటర్ల ఎత్తుకి ఎగబాకి, ఆ రాయికి కొంచెం కిందనే ఆగిపోయాయి. పైన ఉన్న ఇళ్ళకి ఏమీ కాలేదు. ఒక రాయి, నాలుగు వాక్యాలు, అదీ చదివేవాళ్ళ భాషలో.

ఇప్పుడు మన సంగతి. ఫైలిన్ తీరం దాటింది గోపాలపురం దగ్గరే. ఒడిశాలో దాదాపు పది లక్షల మందిని ముందే ఖాళీ చేయించారు, ప్రాణాలు దక్కాయి, ఆ పని చేసినవాళ్ళకి చేతులెత్తి దండం పెడతాను. తర్వాత ఏడాది నేను ఒక జాలారి పల్లెకి మా పాత విద్యార్థి పెళ్ళికి వెళ్తే వాళ్ళ నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని ఇంటి వెనక గోడ దగ్గరికి తీసుకెళ్ళింది. గోడ మీద బొగ్గుతో గీసిన గీత, సముద్రం నీళ్ళు అంతవరకు వచ్చాయట. నా భుజం దాకా ఉంది. మొన్న జపాను నుంచి వచ్చాక ఆ గీత ఫోటో తీసుకుందామని మళ్ళీ వెళ్ళాను. ముసలమ్మ పోయి మూడేళ్ళయింది. గోడకి సున్నం వేశారు, గీత లేదు. మనవణ్ణి అడిగితే ఇదిగో ఇక్కడిదాకా అనుకుంటా టీచర్ అని నడుం దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు. పదేళ్ళలో నీళ్ళు భుజం దగ్గర్నుంచి నడుం దగ్గరికి దిగిపోయాయి. ఇంకో ఇరవై ఏళ్ళకి మోకాళ్ళ దగ్గరికి దిగుతాయి, అప్పుడు కట్టే ఇల్లు ఎక్కడ కడతారు?

మన వాళ్ళకి చెప్తే వినరు అనేవాళ్ళు ఉంటారు. గంజాం జిల్లాలో బక్సిపల్లి దగ్గర వెంకట్రాయపురం ఉంది కదా, దానికీ జగత్‌సింగ్‌పూర్ జిల్లా నోలియాసాహీకీ 2020లో యునెస్కో వాళ్ళు సునామీకి సిద్ధంగా ఉన్న ఊళ్ళు అని గుర్తింపు ఇచ్చారు. హిందూ మహాసముద్రం చుట్టూ ఉన్న దేశాల్లో ఆ గుర్తింపు మొదట వచ్చింది ఈ రెండు ఊళ్ళకే. వెంకట్రాయపురం పేరు వింటేనే తెలుస్తుంది ఎవరి ఊరో. ఎటు పరుగెత్తాలో, ఎక్కడ చేరాలో నేర్పిస్తే మన పల్లెవాళ్ళు నేర్చుకున్నారు. నేను అడుగుతున్నది దాని తర్వాతి మెట్టు.

ఇక మైజురు. అసలు ఈ ఉత్తరం రాయించింది ఆ ఊరే.

యుద్ధంలో జపాను ఓడిపోయాక మంచూరియా నుంచీ సైబీరియా నుంచీ తిరిగి వచ్చిన జపాను సైనికుల, పౌరుల ఓడలు ఆగిన రేవుల్లో మైజురు ఒకటి. 1945 నుంచి 1958 దాకా ఆరు లక్షల అరవై వేల మంది అక్కడ దిగారు. మిగతా రేవుల్లో ఆ పని ముందే ఆగిపోయింది, చివరిదాకా నడిచింది మైజురులోనే. కొండ మీద ఒక మ్యూజియం కట్టారు, కింద నీళ్ళ దగ్గర వాళ్ళు దిగిన చెక్క వంతెనను మళ్ళీ కట్టి ఉంచారు. మ్యూజియంలో ఒక అద్దాల పెట్టెలో భూర్జపత్రాల్లాంటి బెరడు ముక్కలు ఉన్నాయి. సైబీరియా ఖైదీల క్యాంపులో కాగితం దొరక్క ఒకాయన చెట్టు బెరడు ఒలిచి, ఖాళీ డబ్బా రేకుతో కలం చేసుకుని, మసి నీళ్ళలో కలిపి సిరా చేసుకుని, వాటి మీద రాసుకున్న కవితలవి. అక్షరాలు చీమలంత ఉన్నాయి. ఆ మ్యూజియంలో ఉన్న కాగితాలూ వస్తువుల్లో ఎన్నిటికో 2015లో యునెస్కో ప్రపంచ జ్ఞాపకాల జాబితాలో చోటిచ్చింది. కొడుకు ఈ ఓడలో వస్తాడేమో అని ఓడ వచ్చినప్పుడల్లా ఆ వంతెన దగ్గరికి వచ్చి నిలబడిన తల్లుల గురించి కూడా అక్కడ చెప్తారు.

నాకు అమ్మమ్మ గుర్తొచ్చింది. మా తాత రంగం వెళ్ళాడు. రంగూన్‌ని మనవాళ్ళు రంగం అనేవాళ్ళని ఈ కాలం పిల్లలకి తెలీదు. గోపాలపురం, కళింగపట్నం, భీమిలి రేవుల్లో స్టీమరెక్కి వేలమంది తెలుగువాళ్ళు రంగం పోయారు, బియ్యం మిల్లుల్లో, అక్కడి రేవులో మూటలు మోశారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద బర్మావాళ్ళు మనల్ని కోరంగీలు అని పిలిచేవారు. అప్పట్లో గోపాలపురంలో స్టీమరు ఒడ్డుకి వచ్చేది కాదు, దూరంగా ఆగేది, కెరటాలు దాటించి మనుషుల్ని పడవల్లో తీసుకెళ్ళి ఎక్కించాలి. మా తాతనీ ఆయన తమ్ముణ్ణీ అలా పడవెక్కించి అమ్మమ్మ ఒడ్డున నిలబడితే, ఆ పడవ కెరటం మీద లేచినప్పుడల్లా కనబడి, దిగినప్పుడల్లా మాయమయ్యేదట. మా అమ్మ ఈ మాట చెప్పేటప్పుడు చేత్తో కూడా అలా పైకీ కిందకీ చూపించేది. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. వేసింది జపాను. లక్షలమంది భారతీయులు కొండలూ అడవులూ పట్టుకుని నడిచి వచ్చారు. మా తాత అరకాను మీదుగా వచ్చి, చిట్టగాంగు చేరి, రైలెక్కి ఇంటికి చేరాడు. తమ్ముడు దారిలోనే పోయాడు. ఎక్కడ పోయాడో తాత ఏనాడూ చెప్పలేదు. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద కూడా జపాను బాంబులు వేసింది.

మైజురులో నిలబడినప్పుడు నాకు కోపం రాలేదు అని అబద్ధం చెప్పను. మా చిన్నతాత పేరు ఏ గోడ మీదా లేదు, ఇక్కడ వీళ్ళ బెరడు ముక్కలకి కూడా అద్దాల పెట్టె ఉంది అనిపించింది. కానీ ఆ కోపం కాసేపటికి వాళ్ళ మీద నుంచి మన మీదికి తిరిగింది. వాళ్ళ వాళ్ళ గురించి వాళ్ళు రాసుకున్నారు. మన వాళ్ళ గురించి ఎవరు రాయాలి?

హకొదాతేలో పొద్దున్నే చేపల బజారు, కనజావాలో మంచుకి కొమ్మలు విరక్కుండా పైన్ చెట్లకి గొడుగులా తాళ్ళు కట్టడం, కగోషిమాలో ఎదురుగా పొగలు కక్కే సకురాజిమా, ఆ బూడిదని జనం ఊడ్చి పసుపుపచ్చ సంచుల్లో ఎత్తి వీధిలో పెట్టడం, అన్నీ చూశాను, అన్నీ బాగున్నాయి. నాగసాకిలో 1945 ఆగస్టు 9 నాటి అణుబాంబుకి సగం పోయి ఒక్క కాలి మీద నిలబడ్డ రాతి తోరణం చూశాను. దాన్ని కూడా సరిచెయ్యలేదు.

ఆఖరి రేవు కోచిలో ఓడ కదిలేటప్పుడు కాలేజీ పిల్లలు చేతుల్లో చెక్క చిడతలు ఆడిస్తూ డాన్స్ చేశారు. అది ఆ ఊరి డాన్సే. వాళ్ళ వెనక ఒక ముసలావిడ చిన్న తువ్వాలు ఊపుతూ నిలబడింది. ఆమెకి మేమెవరమో తెలీదు. పిల్లలు ఆపేసి వెళ్ళిపోయాక కూడా, చీకటి పడి మనిషి ఆనవాలు తెలియనంత దూరం పోయేదాకా, ఆ తెల్ల తువ్వాలు కదులుతూనే ఉంది.

గోపాలపురంలో లైట్‌హౌస్ ఉంది, పాత రేవు శిథిలాలు ఉన్నాయి, ఐస్‌క్రీం బండ్లూ ఒంటెలూ ఉన్నాయి. ఇక్కణ్ణుంచి రంగం వెళ్ళినవాళ్ళ గురించి ఒక్క ముక్క నా కంటికి కనబడలేదు. కార్తీక పున్నమికి తెల్లవారకుండా మన ఒడియా సోదరులు అరటి దొప్పల పడవల్లో దీపం పెట్టి ఆ కా మా బై అని పాడుతూ నీళ్ళలో వదులుతారు, ఎప్పుడో బాలి, జావా వెళ్ళిన సాధవుల్ని, అంటే ఓడ వర్తకుల్ని, తలుచుకుంటారు. మనమూ అదే రోజు, అదే నీళ్ళలో దీపాలు వదులుతాం. ఎంతో వెనకటి ఓడలు వాళ్ళకి గుర్తున్నాయి, ఎనభై ఏళ్ళ కిందటివి మనకి గుర్తు లేవు.

నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. ఫైలిన్ నీళ్ళు ఎంతవరకు వచ్చాయో చెప్పగలిగిన వాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళు ఉండగానే గంజాం తీరంలో ప్రతి జాలారి పల్లెలో ఒక రాయి పాతి, గీత గీసి, తేదీ వేసి, తెలుగులోనూ ఒడియాలోనూ రాయించాలి. ఇంట్లో తెలుగు మాట్లాడే ముసలమ్మకి మనవడు చదివి వినిపించడానికైనా తెలుగు ఉండాలి కదా. గోపాలపురం ఒడ్డున రంగం వెళ్ళినవాళ్ళ కోసం ఇంకో రాయి, దగ్గర్లో ఒక చిన్న గది. మీ పత్రిక చెయ్యగలిగింది ఒకటుంది. గంజాం, గజపతి, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠకుల్ని అడగండి, మీ ఇళ్ళల్లో రంగం ఉత్తరాలు, మనియార్డరు రసీదులు, ఫోటోలు, పేర్లు ఏమున్నాయి అని. వారానికి ఒకటి వెయ్యండి. అటకల మీద ఉన్నవి కిందికి దిగుతాయి.

మా ఇంట్లో తాత రేకుపెట్టె ఉంది. నల్ల రంగు, ఒక మూల సొట్ట, మూత లోపల బర్మా అక్షరాలతో అతికించిన కాగితం, సగం చిరిగిపోయింది. అందులో ఇప్పుడు మావారి కరెంటు బిల్లులు ఉన్నాయి. వాటిని తీసి వేరే చోట పెట్టేశాను. గది కట్టిన రోజున ఆ పెట్టె నేనే తెచ్చి ఇస్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
బరంపురం, గంజాం జిల్లా