వాల్యూమ్ తగ్గించుకోమని చెప్పి నా ఫిర్యాదు మూసేశారు

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

మీ సంస్థ రీమాస్టర్ చేసి (అంటే పాత రికార్డింగు శబ్దాన్ని మళ్ళీ సరిచేసి) అమ్మిన పాత వీణ కచేరీల సీడీ సెట్‌లో మెల్లని, గట్టి శబ్దాల తేడా పోయి అంతా ఒకే గట్టిగా వినిపిస్తోందని నేను పెట్టిన ఫిర్యాదును "పరిష్కరించాం" అని రాసి మీవాళ్ళు మళ్ళీ మూసేశారు. ఎవరు పరిష్కరించారో, ఏం పరిష్కరించారో నాకు ఎవరూ చెప్పలేదు.

మొదట చాట్‌లో రాశాను. ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేయమన్నారు. నేను వింటున్నది సీడీ ప్లేయర్‌లో అని చెబితే, పాడైన భాగం ఫోటో తీసి పంపమన్నారు. వినిపించే దానికి ఫోటో ఎలా తీస్తారండీ? అయినా డిస్కులు రెండు వైపులా తీసి పంపాను. "గీతలు లేవు కాబట్టి లోపం లేదు" అని జవాబొచ్చింది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ప్రతిసారీ కొత్త మనిషి, ప్రతిసారీ మొదటి నుంచి చెప్పుకోవాలి. ఒక అమ్మాయి మాత్రం ఓపిగ్గా విని, "టెక్నికల్ టీమ్‌కి పంపిస్తాను సార్" అంది. ఆ టీమ్ నుంచి ఇప్పటికీ ఒక్క ముక్క రాలేదు. చివర్లో మాట్లాడినాయన, "సౌండ్ ఎక్కువగా ఉందంటున్నారుగా, వాల్యూమ్ తగ్గించుకోండి" అనేసి, నేను నోరు తెరిచేలోపు పెట్టేశారు. డిస్కు విన్నప్పటి కంటే ఆ మాట విన్నప్పుడే నాకు ఎక్కువ బాధ కలిగింది.

వాల్యూమ్ తగ్గిస్తే అంతా ఒకే లెక్కన తగ్గుతుంది. నా గొడవ అది కాదు. వీణ తీగ మీటగానే నాదం ఒక్కసారి లేస్తుంది, తర్వాత మెల్లగా సన్నబడుతుంది. గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, వినిపించేది ఆ సన్నబడే చోటే. మీరు లిమిటర్ (శబ్దం ఒక హద్దు దాటకుండా నొక్కే సాధనం) పెట్టి మీటును అణిచేశారు, వెనక మిగిలే నాదాన్ని పైకి లాగారు. ఇప్పుడు తంబురా వీణతో పోటీ పడుతోంది. మృదంగం ఒక్కటే మోగే తని ఆవర్తనంలో గట్టి చాపు దెబ్బకీ మెల్లని వేలి దెబ్బకీ తేడా తెలియడం లేదు. పాత టేపులోని బుస చప్పుడు కూడా పెరిగింది. ఇదే కచేరీ పాత క్యాసెట్ మా ఇంట్లో ఉంది, అందులో ఆ తేడాలన్నీ చక్కగా వినిపిస్తాయి. సీడీలో అతి మెల్లని శబ్దం నుంచి అతి గట్టి శబ్దం దాకా దాదాపు 96 డెసిబెల్స్ చోటు ఉంటే, అంతా పై అంచునే కుక్కడం ఎందుకు?

ఇలా గట్టిగా చేసింది "నేటి శ్రోతల అభిరుచి" కోసమని మీ మెయిల్‌లో రాశారు. యూట్యూబ్, స్పాటిఫై గట్టి ట్రాక్‌లను వాటంతట అవే తగ్గించి మిగతా వాటితో సమం చేస్తున్నాయి. అంటే గట్టిగా చేసి మీరు సంపాదించింది ఏమీ లేదు. శ్రోతలకు ఇది పట్టదని కూడా అనుకోకండి. 2008లో అమెరికన్ రాక్ బృందం మెటాలికా ఆల్బమ్‌ను ఇలాగే నొక్కేస్తే, వీడియో గేమ్‌లో వచ్చిన అవే పాటలు ఇంతకంటే నయంగా ఉన్నాయని అభిమానులు వేల సంతకాలు పెట్టారు.

క్యాసెట్ల కాలం నుంచి మీ దగ్గరే కొంటున్నాను. అంతా ఉచితంగా దొరుకుతున్న ఈ రోజుల్లోనూ డబ్బు పెట్టి కొన్నాను. మీ దగ్గర నాకు ఆ మాత్రం విలువ కూడా లేదా?

మాస్టరింగ్ చేసిన ఇంజనీరు చేతే నాకు జవాబు రాయించండి. ఇంతగా నొక్కని ప్రతిని విడుదల చేయండి. డబ్బు వాపసు సంగతి తర్వాత చూద్దాం. ఈసారి కూడా సమాధానం లేకుండా ఫిర్యాదు మూసేస్తే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, ఆపై జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. బిల్లు, డిస్కులు, మీవాళ్ళ మెయిళ్ళు అన్నీ నా దగ్గర ఉన్నాయి.

ఇట్లు,
మీ పాత కొనుగోలుదారు