గేటు ముందు రెండో వరస

సంపాదకుడి గారికి,

మా పట్టణంలో మా ఇల్లు రైల్వే గేటుకు ఇవతల, మనవరాలి బడి అవతల. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు పాపను స్కూటర్ మీద తీసుకెళ్తాను. చాలాసార్లు సరిగ్గా అప్పుడే గేటు పడుతుంది.

గేటు పడగానే అందరం ఎడమ పక్కనే ఆగుతాం. ఓ నిమిషం బాగానే ఉంటుంది. ఇంతలో వెనక నుంచి ఒక బైకు పక్కకు తప్పుకుని, ఎదుటివాళ్లు రావాల్సిన దారిలో నేరుగా గేటు దాకా వెళ్లి ఆగుతుంది. దాని వెనక ఇంకో రెండు. తర్వాత ఆటో. ఆటో వెళ్లాక కారు ఎందుకాగుతుంది? అవతలి వైపూ ఇదే తంతు. రైలు పోయి గేటు లేచేసరికి పట్టాలకు అటూ ఇటూ రోడ్డు నిండా బండ్లు, ఎదురెదురుగా. రెండు నిమిషాల్లో తేలాల్సింది పావుగంట పడుతుంది.

పోయిన మంగళవారం ఆ రద్దీలో 108 ఇరుక్కుంది. అది ఆసుపత్రికి రావాల్సిన దారి నిండా మా వైపు బండ్లే. వెనక్కి తీద్దామంటే వెనక జాగా లేదు. డ్రైవర్ పక్కన కూర్చున్న ఒకావిడ, ఒళ్లో ఎక్స్‌రేల కవర్ పెట్టుకుని, అద్దంలోంచి మా అందరికీ రెండు చేతులూ జోడించింది. దారి ఇవ్వమని దణ్ణం పెడుతోంది. ఒకరి మీద ఒకరు అరుచుకోవడం తప్ప అప్పుడు ఎవరూ చేయగలిగింది లేదు. ఆ బండి కదలడానికి పది నిమిషాల పైనే పట్టింది. ఆ చేతులు నాకు ఇంకా కళ్ల ముందే ఉన్నాయి.

దీన్ని గొర్రెదాటు అనేసి వదిలేయడం నాకు సరిగా అనిపించదు. ఎందుకంటే ఆ రెండో వరసలో నేనూ నిలబడ్డాను. మొదటిరోజు తప్పు చేస్తున్నానన్న భయంతోనే వెళ్లాను. పదో రోజుకు ఆ భయం పోయింది. ‘ఇక్కడ ఇంతే, పద్ధతిగా ఆగేవాడే వెర్రివాడు’ అనే మాట నా నోటి నుంచే వచ్చింది. ముందు పని మారింది, తర్వాత దానికి తగ్గట్టు మనసు సర్దుకుంది. ఒకరోజు పక్కకు వెళ్లకుండా ఆగితే, వెనక నుంచి పాప ‘తాతయ్యా, అందరూ వెళ్తున్నారు కదా, మనమూ వెళ్దాం’ అంది. అది నన్ను చూసి నేర్చుకున్నదే.

ఇందులో ఇంకో చిక్కుంది. మా గేటుకు ఇంటర్‌లాకింగ్ ఉంది. అంటే గేటు పూర్తిగా దిగి తాళం పడితే తప్ప రైలుకు సిగ్నల్ రాదు. బండ్లు పట్టాల మీద ఇరుక్కుంటే గేట్‌మన్ గేటు వెయ్యలేడు, రైలు దూరంగా ఆగిపోతుంది. దాని వెనకే ఇంకో రైలు వస్తే రెండూ పోయేదాకా గేటు లేవదు. అంతసేపు ఆగినవాళ్లకు తొందర ఇంకా పెరుగుతుంది, మర్నాడు ఇంకో నలుగురు పక్కకు వెళ్తారు. కొందరు గేటు కింద నుంచి బైకు వంచి దూరుతున్నారు. గేటు ఎత్తమని గేట్‌మన్ మీద కేకలేసేవాళ్లూ ఉన్నారు. పడిన గేటును తెరిస్తే 1989 రైల్వే చట్టం ప్రకారం మూడేళ్ల దాకా జైలు శిక్ష ఉంది.

2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర స్కూల్ బస్సును రైలు ఢీకొని అంతమంది పిల్లలు పోయారు. అక్కడ గేటూ లేదు, గేట్‌మన్నూ లేడు. బ్రాడ్‌గేజ్ లైన్ల మీద కాపలా లేని క్రాసింగులన్నీ తీసేయడానికి 2019 జనవరి దాకా పట్టింది. మనకు గేటు ఉంది, మనిషి ఉన్నాడు. దాని కింద నుంచి దూరేవాళ్లను చూస్తే నాకు ఆ పిల్లలే గుర్తొస్తారు.

ఈ పరిస్థితి మారదని నేను అనుకోను. రెండు నెలల కిందట పైపులైన్ పని కోసం గేటుకు అటూ ఇటూ రోడ్డు మధ్యలో డ్రమ్ములు పెట్టి తాడు కట్టారు. ఆ నాలుగు రోజులూ ఎవరి వరసలో వాళ్లు ఆగారు. హారన్లు కూడా తగ్గాయి. డ్రమ్ములు తీసేశాక కూడా రెండు రోజులు అలాగే ఆగాం! మూడో రోజు ఒక బైకు పక్కకు వెళ్లింది. ఇక మామూలే. పోలీసు లేడు, జరిమానా లేదు, అయినా అదే జనం ఆరు రోజులు పద్ధతిగా ఉన్నారు. పక్కవాడు ఆగితే మనమూ ఆగుతాం. ఆ మొదటి బైకును ఆపగలిగితే చాలు.

ఓవర్‌బ్రిడ్జి ఎప్పటికి వస్తుందో అని ఎదురుచూస్తూ కూర్చోలేం. గేటుకు రెండు వైపులా యాభై మీటర్ల మేర డివైడర్ కట్టాలని, బడి వేళల్లో ఒక హోంగార్డును నిలబెట్టాలని అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఆ డ్రమ్ములు ఇప్పటికీ గేటు పక్కన గోడవారగా పడి ఉన్నాయి. డివైడర్ కట్టేలోగా కనీసం వాటినైనా మళ్లీ రోడ్డు మధ్యలో పెట్టించండి.

— ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా