మంత్రి గారూ, పర్లాకిమిడిలో మా చరిత్ర మేం వెతుక్కునే తరగతి పెట్టించండి

ఒడియా భాషా, సాహిత్య, సాంస్కృతిక శాఖ మంత్రి గారికి నమస్కారం.

గజపతి జిల్లా పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. మా ఊళ్ళో వారానికి ఒక్క పూట, ఆదివారం సాయంత్రమైతే మరీ మంచిది, పెద్దాచిన్నా అందరూ వచ్చి కూర్చునేలా ఊరి చరిత్ర మీద, ఎవరి వంశం ఆనవాళ్ళు వాళ్ళు ఎలా వెతుక్కోవాలన్న దాని మీద తరగతులు పెట్టించండి. తెలుగులోనూ, ఒడియాలోనూ. ముందు ఇక్కడ, తర్వాత బరంపురం, గుణుపురం, రాయగడ, జయపురాల్లో.

ప్రత్యేకంగా మాకే ఎందుకంటారేమో. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత గంజాం జిల్లా రెండు ముక్కలైంది, పర్లాకిమిడి జమీందారీ కూడా రెండైంది. ఊరు ఇటు ఒడిశాలోకి వచ్చింది, పక్కనే ఉన్న పాతపట్నం అటు మద్రాసులో ఉండిపోయింది. మనుషులు పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ ఇవాళ్టికీ అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు, కాగితాలు మాత్రం ఎక్కడివక్కడే. మద్రాసు ప్రభుత్వం నాటి పాత రికార్డులు కావాలంటే చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌కి వెళ్ళాలి, తర్వాతవైతే భువనేశ్వర్ స్టేట్ ఆర్కైవ్స్‌కి, అన్నదమ్ముల్లో ఒకరు అటువైపు ఉండిపోతే వాళ్ళ భూముల సంగతికి శ్రీకాకుళం. రోజుకూలీ చేసుకునేవాళ్ళు మూడు ఊళ్ళు తిరగగలరా?

పోనీ కాగితం ఇంట్లోనే ఉందనుకోండి, చదివేదెవరు? చాలా ఇళ్ళల్లో ట్రంకు పెట్టె అడుగున పాత దస్తావేజులు, ఇనాం కాగితాలు, శిస్తు రసీదులు చెదలు పడుతున్నాయి. అవి కరణాలు రాసిన గొలుసుకట్టు రాతలో ఉంటాయి, అక్షరం అక్షరానికి అంటుకుపోయి, మామూలుగా తెలుగు చదివేవాళ్ళకి కూడా కొరుకుడు పడవు. ఇక ఒడియా బడుల్లో చదువుకున్న మా పిల్లలకి అచ్చు తెలుగే కష్టం. తేదీ ఫసలీలో, అంటే పాత శిస్తు లెక్కల సంవత్సరంలో ఉంటుంది, దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుందని చెప్పేవాళ్ళు లేరు. మామ్మని అడిగితే "మీ ముత్తాత విషు సంవత్సరంలో పోయాడు" అంటుంది. అరవై ఏళ్ళకోసారి అదే పేరు తిరిగొస్తుంది కదా, అది 1941-42 కావచ్చు, 1881-82 కావచ్చు. ఇంకో పెద్ద సంఘటనతో జత కలిపి ఏదో తేల్చుకోవాలి. ఇదేం బ్రహ్మవిద్య కాదు, తెలిసినవాళ్ళు పక్కన కూర్చుని నాలుగు కాగితాలు చదివించి చూపిస్తే వచ్చేస్తుంది. ఆ తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు, నాకున్న టెన్షనంతా అదే.

ఇది కాలక్షేపం అనుకోవద్దు. మా తాత పేరు మద్రాసు కాలం కాగితంలో ఇంటిపేరు ముందుండి ఒకలా, ఒడియా పట్టాలో ఇంటిపేరు చివరికెళ్ళి ఇంకోలా, ఇంగ్లీషు సర్టిఫికెట్‌లో మరోలా ఉంది. మ్యుటేషన్ కోసం, అంటే భూమి రికార్డులో పేరు మార్పించుకోవడానికి, ఒక ఆఫీసుకి వెళితే ముగ్గురూ ఒకే మనిషని రుజువు తెమ్మన్నారు. ఆ రుజువు ఎక్కడ దొరుకుతుందో చెప్పలేదు. ఈ జిల్లాలో తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఇలాంటి కథ లేని ఇల్లు తక్కువ.

వలసల సంగతి కూడా తరగతిలో రావాలి. గోపాల్‌పూర్‌లో స్టీమరెక్కి రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్ళినవాళ్ళు మా తాతల తరంలో ఎంతమందో. 1941 డిసెంబరులో జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాక కొండలూ అడవులూ పట్టి నడిచొచ్చినవాళ్ళు కొందరు, దారిలోనే పోయినవాళ్ళు కొందరు, అక్కడే ఉండిపోయినవాళ్ళు కొందరు. అంతకు ముందు 1860 నుంచి 1911 దాకా దక్షిణాఫ్రికా నటాల్‌కి కూలి ఒప్పందం మీద ఓడల్లో వెళ్ళిన 1,52,184 మందిలో గంజాం, విశాఖపట్నం జిల్లాలవాళ్ళూ ఉన్నారు. ఆ ఓడల జాబితాల్లో మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, ఊరు రాసి ఉంటాయి, ఆడవాళ్ళ పేర్లు కూడా. వాళ్ళ మునిమనవలు అక్కణ్ణుంచి ఊరు వెతుక్కుంటూ వస్తే జవాబు చెప్పగలిగే స్థితిలో మేమున్నామా?

ఆడవాళ్ళ పేర్లంటే గుర్తొచ్చింది. మన వంశవృక్షాలన్నీ తండ్రి, కొడుకు, మనవడు అంటూ సాగిపోతాయి, ముత్తవ్వ పుట్టింటి ఇంటిపేరు అడిగితే ఎవరికీ తెలియదు. నా మాటైతే, మొదటి రోజే ప్రతివాళ్ళనీ అమ్మ వైపు నుంచి మొదలుపెట్టించాలి. కులం గొప్పలు చెప్పుకునే సభగా దీన్ని మారనివ్వకూడదు. బరంపురంలో పట్టు నేసే దేవాంగుల చరిత్ర ఎంతో, కాగితం మీద ఎక్కడా లేని సవర గిరిజనుల వంశాల జ్ఞాపకమూ అంతే. గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్ళోనే మాస్టారుగా ఉండి సవరలతో కూర్చుని వాళ్ళ భాష నేర్చుకుని నిఘంటువు, వ్యాకరణం రాశారు. ముఖలింగం గుడి శాసనాలు చదవడం కూడా తనంతట తానే నేర్చుకున్నారు. అలాంటి ఊళ్ళో పాత కాగితం చదవడం నేర్పే చోటు లేకపోవడం నాకు బాధగా ఉంది.

మంత్రి గారూ, ఖర్చు పెద్దగా ఉండదు. సాయంత్రం పూట ఖాళీగా ఉండే బడి గది, నెలకోసారి స్టేట్ ఆర్కైవ్స్ నుంచి వచ్చే మనిషి, గొలుసుకట్టు చదవగల పెద్దలకి దారి ఖర్చులు, కాగితాలు చెడకుండా ఫొటో తీసి ఎవరివి వాళ్ళకి తిరిగిచ్చే స్కానరు. చెన్నైలో ఉన్న గంజాం రికార్డుల నకళ్ళ కోసం తమిళనాడు ప్రభుత్వానికి మీ శాఖ నుంచి ఉత్తరం వెళితే చాలు, అది మాలాంటివాళ్ళు రాస్తే కదలదు. పోగుచేసినదాంట్లో ఇంటివాళ్ళు ఒప్పుకోనిది ఎవరికీ చూపించకూడదన్న నిబంధన కూడా రాతపూర్వకంగా పెట్టండి, లేకపోతే జనం పెట్టె తెరవరు. వచ్చే బడ్జెట్ దాకా ఆపకుండా ఈ ఏడే మొదలుపెట్టించండి. గది శుభ్రం చేసుకోవడం, ఇంటింటికీ వెళ్ళి చెప్పడం మేం చూసుకుంటాం.

ఇట్లు,
పర్లాకిమిడి తెలుగువాడు ఒకడు