మౌస్ కంటే ముందు హెడ్‌ఫోను ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

వీడియో ఎడిటింగ్‌తో ఉపాధి గురించి మీ ఆదివారం పేజీల్లో వచ్చిన కథనం చదివాను. ఏ లాప్‌టాప్ కొనాలో, రీల్స్‌కి ఎఫెక్టులు ఎలా వేయాలో బాగానే చెప్పారు. కానీ భువనగిరిలోని మా వీడియో మిక్సింగ్ యూనిట్‌కి పని నేర్చుకుంటామని వచ్చే పిల్లలు ఈమధ్య పెళ్లి వీడియోల గురించి పెద్దగా అడగడం లేదు. ఊళ్లో పెద్దవాళ్లతో మాట్లాడించి, మగ్గాల మీదో చెరువుల మీదో చిన్న డాక్యుమెంటరీ తీయాలంటున్నారు. వాళ్లకి పనికొచ్చే ముక్క మీ కథనంలో ఒక్కటీ లేదు. పెళ్లి వీడియోలో పాట తాళానికి కట్ పడితే చాలు. ఇంటర్వ్యూలో మాటకి పడాలి. అది వేరే పని.

మా దగ్గర కొత్తగా చేరినవాళ్లకి నేను ముందు మౌస్ ఇవ్వను. హెడ్‌ఫోను, నోటుబుక్కు ఇస్తాను. ఇంటర్వ్యూ మొత్తం విని ఏ నిమిషంలో ఏమన్నారో రాయమంటాను. "అవన్నీ టైపు చేసిపెట్టే యాప్‌లు ఉన్నాయి కదా మేడం" అంటారు. ఉన్నాయి. మా వైపు ముసలివాళ్ల మాట వాటికి ఎంత అర్థమవుతుందో ఒకసారి పెట్టి చూడండి, నవ్వొస్తుంది. అయినా చేత్తో రాస్తుంటేనే మనిషి ఎక్కడ తడబడ్డాడో, ఎక్కడ గొంతు మారిందో పట్టుబడుతుంది. ఏది ఉంచాలి, ఏది ముందుకు తేవాలి అని ఆ కాగితం మీదే గుర్తులు పెట్టుకుంటే కంప్యూటర్ ముందు కూర్చున్నాక టెన్షన్ ఉండదు. సాఫ్ట్‌వేర్ అంటారా, డావిన్చీ రిజాల్వ్ ఉచితంగానే దొరుకుతుంది. క్రాక్ చేసినవి వేసుకుని వైరస్‌లు తెచ్చుకోనక్కర్లేదు. పాత సిస్టమ్ మొరాయిస్తే ప్రాక్సీ ఫైళ్లు, అంటే అసలు ఫుటేజీకి తేలికపాటి నకళ్లు, చేసుకుని లాగించవచ్చు.

పోచంపల్లి వైపు ఒక అవ్వని తీసిన ఫుటేజీ సంగతి చెబుతాను. ఇక్కత్ చీరకి రంగులు వేసే ముందు, అర్ధచంద్రంలా బిగించిన మేకుల చుట్టూ దారాన్ని ముందుకీ వెనక్కీ తిప్పుతూ ఆసు పోయాలి. చింతకింది మల్లేశం గారు లక్ష్మి ఆసు యంత్రం చేసేదాకా అది ఇంట్లో ఆడవాళ్ల రెక్కల కష్టమే. ఆ యంత్రానికే ఆయనకి 2017లో పద్మశ్రీ వచ్చింది. భుజాలు నొప్పి పుట్టేవా అని అడిగితే అవ్వ వెంటనే ఏమీ చెప్పలేదు. ఎదురుగా ఆసు ఉన్నట్టే గాలిలో చెయ్యి అటూ ఇటూ ఆడించింది. కాసేపాగి, "ఇప్పటికీ నిద్రల చెయ్యి ఆడ్తది బిడ్డా" అంది. మా కుర్రాడు ఆ మధ్యదంతా కోసేసి ప్రశ్న పక్కనే జవాబు అతికించాడు. ఖాళీ ఉంటే జనం స్క్రోల్ చేసేస్తారని వాడి వాదన. తిరిగి పెట్టించాను. చెయ్యి లేచినప్పుడే అవ్వ జవాబు మొదలైంది మరి.

కొత్తవాళ్లు తెలియకుండా చేసే అన్యాయం ఇంకొకటి ఉంది. ఒక నేత కార్మికుడు, "కూలి పెంచమని పోతే సంఘపోళ్లు మంచిగనే మాట్లాడిన్రు, పైసలు మాత్రం ఇయ్యలే" అన్నాడనుకోండి. మన మాటలో అసలు సంగతి చివర తేలుతుంది. అక్కడికి వచ్చేసరికి చాలామందికి గొంతు కిందికి దిగిపోతుంది. స్క్రీన్ మీద వేవ్‌ఫారమ్, అంటే శబ్దాన్ని చూపించే గీత, సన్నబడగానే వాక్యం అయిపోయిందనుకుని వీళ్లు కట్ చేస్తారు. మిగిలింది "మంచిగనే మాట్లాడిన్రు". దాని మీద మగ్గంలో దారం లాగే నాడె తిరిగే షాట్ కప్పేస్తే అక్కడ కోత పడిందని ఎవరికీ తెలియదు. మాట మీద వేరే దృశ్యం వేయడం తప్పు కాదు, అది లేకపోతే ఈ పనే జరగదు. కాకపోతే అతుకు వేసిన ప్రతిచోటా కింద ఏ మాట పోయిందో నోటుబుక్కులో చూసుకోవాలి. మాట్లాడినవాళ్లకే ఒకసారి చూపిస్తే ఇంకా నయం. ఆ ఓపిక చాలా చానెళ్లకి లేదు.

ఇక షూటింగ్ దగ్గర చేయాల్సినవి. అడిగినవాళ్ల గొంతు ఫైనల్‌లో ఉండదనుకుంటే "అవునండి", "అదే" లాంటి జవాబులు ఎందుకూ పనికిరావు. ప్రశ్నని కలుపుకుని చెప్పమని ముందే బతిమాలుకోవాలి. ఫ్యాన్ ఆపాలి. మాటలయ్యాక అందర్నీ కదలకుండా కూర్చోబెట్టి అర నిమిషం ఖాళీ గది శబ్దం రికార్డు చేసుకోవాలి. దగ్గు తీసేసినచోట ఆ శబ్దం పరచకపోతే చెవికి గొయ్యిలో పడ్డట్టుంటుంది. మన కరెంటు సెకనుకి 50 సైకిళ్లది (50 హెర్ట్జ్) కాబట్టి ట్యూబ్‌లైటు కింద కెమెరా షటర్‌ని యాభయ్యో వంతు సెకనులోనో, వందో వంతులోనో పెట్టకపోతే చారలు కదులుతాయి. ఫోన్లతో ఇంకో తలనొప్పి: వాటిలో ఫ్రేమ్ రేటు, అంటే సెకనుకి తీసే బొమ్మల లెక్క, నిలకడగా ఉండదు. విడిగా రికార్డు చేసిన మాట మొదట్లో పెదాలకి సరిగ్గా అతికినా పోనుపోను జారిపోవచ్చు. హ్యాండ్‌బ్రేక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన రేటుకి మార్చుకున్నాకే టైమ్‌లైన్‌లో వేయాలి. కార్డు ఫార్మాట్ చేసే ముందు ఫుటేజీ రెండుచోట్ల ఉండాలని వేరే చెప్పాలా!

ఏడుపు కనపడితే చాలు వయొలిన్ పెట్టే అలవాటు మాత్రం మా యూనిట్‌లో సాగనివ్వను. వెనక మగ్గం చప్పుడు ఉండగా ఇంకో వాయిద్యం దేనికి?

జర్నలిజం చెప్పే డిగ్రీ కాలేజీలు మొదటి సెమిస్టర్‌లోనే విద్యార్థుల చేత ఒక పూర్తి ఇంటర్వ్యూని చేత్తో రాయించాలి. మీరు మళ్లీ ఈ విషయం మీద కథనం వేస్తే ఎడిటర్ల పక్కన ఒక సౌండ్ రికార్డిస్టుని కూడా కూర్చోబెట్టి మాట్లాడించండి. లాప్‌టాప్ ధరల పట్టికలో పై వరసలో కాలర్ మైకు, చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోను వేయండి. డబ్బు తక్కువున్న పిల్లలు పట్టిక పైనుంచే కొనుక్కుంటూ వస్తారు.

ఇట్లు,
ఒక మిక్సింగ్ యూనిట్ నిర్వాహకురాలు,
భువనగిరి