విశాఖ వచ్చే మన సభ్యులకు

అందరికీ నమస్కారం. ఎన్ని పనులున్నా ఒక ఉదయం భీమిలి దారికి ఉంచుకోండి. రైల్వే స్టేషన్ నుంచి 900కె సిటీ బస్సు రుషికొండ మీదుగా వెళ్తుంది. కుడివైపు కిటికీ పక్కన కూర్చుంటే చాలా దూరం సముద్రం కనిపిస్తూనే ఉంటుంది. కారులో వెళ్తే ఆ హాయి సగం పోతుందని నా అభిప్రాయం. దారిలో తొట్లకొండ ఎక్కండి. బౌద్ధ భిక్షువులు వాన నీటి కోసం రాతిలో తొలిచిన తొట్లు ఇప్పటికీ ఉన్నాయి. పైకి చాలా నడవాలి, ఎండ ముదరకముందే వెళ్లండి.

ఆర్‌కే బీచ్‌లో కుర్సురా జలాంతర్గామిని పిల్లలకు తప్పక చూపించండి. 1969 నుంచి 2001 వరకు నౌకాదళంలో పనిచేసింది. లోపల బాగా ఇరుకు, మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు కష్టం. అక్కడ మాత్రం దయచేసి ఎవరూ నీళ్లలోకి దిగవద్దు, అలలు లాగేస్తాయి.

అరకు రైలు పొద్దున్నే బయలుదేరుతుంది, అద్దాల పెట్టెలో సీటు కావాలంటే ముందే తీసుకోవాలి.

అక్టోబరు, నవంబరుల్లో వచ్చేవారు తుపాను హెచ్చరికల కోసం ఆకాశవాణి విశాఖ కేంద్రం వార్తలు వినండి. పత్రికల్లో జిల్లా పేజీలూ చూడండి. ఈనాడు 1974లో మొదలైంది ఈ ఊళ్లోనే; స్థానిక వార్తలు చదివే అలవాటు ఇక్కడ గట్టిది. వచ్చే తేదీలు గ్రూపులో పెట్టండి.