చేపల తొట్టికి తొలి ఆరు వారాలు

సంపాదకులకు నమస్కారం.

ఇంటి అలంకరణ శీర్షికల్లో చేపల తొట్టి ప్రస్తావన వచ్చినప్పుడల్లా గాజు మందం, లైట్లు, రంగురాళ్ల గురించి బాగానే రాస్తారు. నీళ్లు పోసిన రోజే వదిలిన చేపలు రెండు మూడు వారాల్లో ఎందుకు చనిపోతాయో మాత్రం రాయరు. కొన్నవాళ్లేమో రోగిష్టి చేపల్ని అంటగట్టారని అమ్మినవాణ్ని తిట్టుకుంటారు. చాలాసార్లు వాటిని చంపేది రోగం కాదు, అమ్మోనియా.

చేప మొప్పల నుంచి రాత్రింబవళ్లు అమ్మోనియా వస్తూనే ఉంటుంది. మిగిలిపోయిన మేత, రెట్ట కుళ్లినా వచ్చేది అదే. పాత తొట్టిలోనైతే ఫిల్టర్ స్పాంజ్‌ను పట్టుకుని పెరిగే ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ విషాలే, నైట్రేట్‌తో అంత తొందర ప్రమాదం లేదు. కొత్త తొట్టిలో ఈ బ్యాక్టీరియా సరిపడా పెరగడానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది, ఒక్కోసారి 8. నీళ్లను ఒక రోజు నిలవ ఉంచితే క్లోరిన్ పోవచ్చు గానీ బ్యాక్టీరియా పుట్టుకురాదు. చేపల్లేని తొట్టిలో అమ్మోనియా వేసి ముందే ఈ సైకిల్ (బ్యాక్టీరియా సరిపడా పెరిగే ఈ క్రమం) పూర్తిచేసుకోవడం అన్నిటికన్నా మేలు. చేపలు ఇప్పటికే ఇంటికొచ్చేశాయంటే వాటిని బతికించుకోవడం కష్టమేమీ కాదు, కాకపోతే రోజూ పని ఉంటుంది. ఫిల్టర్ లేని గాజు గిన్నెల సంగతి ఇక్కడ ఎత్తకపోవడమే మంచిది.

ముందు చెయ్యి బిగించాల్సింది మేత దగ్గర. 40 శాతం ప్రొటీన్ ఉన్న మేత ఒక గ్రాము వేస్తే సుమారు 35 మిల్లీగ్రాముల అమ్మోనియా నైట్రోజన్ నీళ్లలో చేరుతుంది. 50 లీటర్ల తొట్టిలో అది 0.7 పీపీఎం (లీటరుకు 0.7 మిల్లీగ్రాములు), అంటే ఆ ఒక్క గ్రాముతోనే సగం నీళ్లు మార్చాల్సిన 0.5 హద్దు దాటేసినట్టు. రోజు విడిచి రోజు, రెండు నిమిషాల్లో పూర్తిగా తినేసేంత వేస్తే చాలు. ఎదిగిన చేపలకు ఆ మాత్రం పస్తు లెక్కలోది కాదు.

రెండోది పరీక్ష. కాగితపు పట్టీలకన్నా చుక్కల మందుతో చేసే టెస్ట్ కిట్ నమ్మదగ్గది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ రోజూ చూడాలి. ఏదైనా 0.25 పీపీఎం చూపిస్తే పావు వంతు నీళ్లు, 0.5 చూపిస్తే సగం మార్చాలి. సగం మారిస్తే విషం సగమే తగ్గుతుంది కాబట్టి 1 పీపీఎం ఉన్నప్పుడు కొన్ని గంటల తర్వాత మళ్లీ సగం మార్చక తప్పదు. నీళ్లు మారిస్తే సైకిల్ ఆగిపోతుందనే మాట పట్టించుకోనక్కర్లేదు. బ్యాక్టీరియా ఉండేది స్పాంజ్‌లో, నీళ్లలో కాదు. కొత్త నీళ్ల వేడి తొట్టి నీళ్లకు ఒకటి రెండు డిగ్రీల తేడాలో ఉండాలి, క్లోరిన్ విరిచే మందు కలపాలి. కుళాయి నీళ్లలో ఉన్నది క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన మందు) అయితే నిలవ ఉంచినా తేలిగ్గా పోదు. మందుతో విరిచినా దానిలోని అమ్మోనియా మిగిలిపోతుంది. అలాంటి చోట అమ్మోనియాను కూడా కట్టిపడేసే మందే వాడాలి.

కిట్ చూపించే అంకె ఒక్కటే అయినా ప్రమాదం ఒక్కటి కాదు. అది చూపేది మొత్తం అమ్మోనియాను, అందులో విషరూపంలో ఉండే వాటా పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం) బట్టి మారుతుంది. 25 డిగ్రీల వేడిలో, పీహెచ్ 7 దగ్గర మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది 0.6 శాతం లోపే. పీహెచ్ 8 అయితే 5 శాతం దాటుతుంది. ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. బ్యాక్టీరియా పనిచేసేకొద్దీ పీహెచ్ పడిపోకుండా కాసే కార్బొనేట్లు నీళ్లలో ఖర్చవుతాయి, పీహెచ్ 6.5 కన్నా కిందకు జారితే బ్యాక్టీరియా పని మందగిస్తుంది. అమ్మోనియా పేరుకుంటున్నా విషరూపంలో తక్కువ ఉంటుంది గనుక చేపలు బాగానే తిరుగుతాయి. అప్పుడు పీహెచ్ 8 ఉన్న నీళ్లతో ఒక్కసారిగా సగం మారిస్తే కొన్ని గంటల్లోనే చేపలు చచ్చి తేలొచ్చు. నిర్లక్ష్యానికి గురైన తొట్టిలో 10 శాతం చొప్పున, విడతలుగా మార్చడమే క్షేమం.

అమ్మోనియా తగ్గుతూ నైట్రైట్ పెరిగే దశలో ఎయిర్ పంప్ నడుస్తున్నా చేపలు పైకొచ్చి నోరు తెరుస్తుంటే కారణం నైట్రైట్ కావచ్చు. అది మొప్పల గుండా రక్తంలోకి చేరి ఆక్సిజన్ మోసే శక్తిని దెబ్బతీస్తుంది, మొప్పలు గోధుమ రంగుకు తిరుగుతాయి. 10 లీటర్లకు ఒకటిన్నర గ్రాముల ఉప్పు కలిపితే అందులోని క్లోరైడ్ ఆ దారిని చాలామటుకు మూసేస్తుంది. నీళ్లు మార్చినప్పుడు తీసిన నీళ్ల మేరకే మళ్లీ ఉప్పు వేయాలి. ఆవిరైన నీళ్లు నింపేటప్పుడు వద్దు, ఉప్పు ఆవిరి కాదు కదా. అమ్మోనియా కోసం జియోలైట్ (దాన్ని పట్టుకునే ఒక ఖనిజం) వాడుతున్నవాళ్లు దాన్ని తీసేశాకే ఉప్పు వేయాలి. ఎందుకంటే ఉప్పు తగిలితే జియోలైట్ పట్టుకున్న అమ్మోనియాను తిరిగి వదిలేస్తుంది.

ఫిల్టర్ రాత్రిపూట కూడా ఆగకూడదు. స్పాంజ్‌ను కుళాయి కింద కాక, తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి. రోగాల్లేని పాత తొట్టి నుంచి వాడిన స్పాంజ్ దొరికితే ఈ వారాలన్నీ బాగా కుదించుకుపోతాయి. చేప నీరసించగానే యాంటీబయాటిక్ పోయడం మరీ చేటు, కొన్ని మందులు ఈ బ్యాక్టీరియానే చంపేస్తాయి. ముందు కిట్ తీయాలి.

మామూలు మేత వేస్తున్నా వారం పాటు అమ్మోనియా, నైట్రైట్ సున్నా దగ్గరే ఉండి నైట్రేట్ కనబడితే సైకిల్ పూర్తయినట్టే. కొత్త చేపల్ని అప్పుడు కూడా రెండు మూడు చొప్పునే చేర్చాలి. చేర్చిన ప్రతిసారీ కనీసం పది రోజులు పరీక్ష కొనసాగించాలి.

– ఒక పాఠకుడు