95 దగ్గరే ఆగిపోతున్న నెట్టు: మమ్మల్ని పిలిచే ముందు చూడాల్సినవి, మేం మార్చుకున్నవి

విజయవాడలో మా దగ్గర లాన్ వైరింగ్ చేయించుకున్న అందరికీ నమస్కారం.

300 ఎంబీపీఎస్ ప్లానుకు డబ్బు కడుతున్నాం, వైరు పెట్టిన కంప్యూటర్లో 95 దాటడం లేదు అని ఫోన్లు బాగా వస్తున్నాయి. ఉన్న మాట చెబుతాం. వీటిలో చాలావాటికి మేం రానక్కర్లేదు, పది నిమిషాల్లో మీరే తేల్చుకోవచ్చు. ఇంకొన్నిటిలో తప్పు మా పనిదే. రెండూ ఇక్కడే రాస్తున్నాం.

ఆ 95 ఊరికే రాదు. లాన్ వైరులో 8 తీగలు, అంటే 4 జతలు. 100 స్పీడుకు రెండు జతలు చాలు: జాకులో 1, 2, 3, 6 పిన్నులు. గిగాబిట్‌కు, అంటే 1000 స్పీడుకు, నాలుగు జతలూ కావాలి. బ్లూ జతలోనో బ్రౌన్ జతలోనో ఒక్క తీగ సరిగా తగలకపోతే చాలా పరికరాలు కాసేపు తంటాలు పడి 100కి దిగిపోతాయి, అందులో మీకు అందేది సుమారు 95. కొన్ని అసలు లింకే పట్టవు. దిగిపోయిన చోట నెట్ ఆగదు కాబట్టి నెలల తరబడి ఎవరికీ అనుమానం రాదు.

విండోస్‌లో సెట్టింగ్స్‌కి వెళ్లి నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో ఈథర్నెట్ తెరవండి. లింక్ స్పీడ్ 100/100 అని ఉంటే లోపం మీ ఇంట్లోనే ఉంది, నెట్ కంపెనీకి ఫోన్ చేసి లాభం లేదు. అప్పుడు లాప్‌టాప్‌ను రౌటర్ దగ్గరకే తీసుకెళ్లి కొత్త మీటరు ప్యాచ్ కార్డుతో (రెండువైపులా జాకులతో రెడీమేడ్‌గా దొరికే పొట్టి లాన్ వైరు) తగిలించండి. 1000 వస్తే గోడలో వైరో, దాని చివర్లో అనుమానించాలి. అక్కడా 100 అయితే పోర్టు మార్చి చూడండి. ఫైబర్ బాక్సుల్లో కొన్నిటికి ఒక్క లాన్ పోర్టే గిగాబిట్, మిగతావి 100వే. టీవీ గురించి మాత్రం కంగారు పడకండి. స్మార్ట్ టీవీల్లో ఎక్కువవాటికి ఉన్నదే 100 పోర్టు.

లింక్ 1000 ఉండి కూడా నెట్ తడబడుతుంటే కమాండ్ ప్రాంప్ట్‌లో ping 192.168.1.1 అని కొట్టండి (మీ రౌటర్ అడ్రస్ వేరైతే అది). వైరు మీద 1 మిల్లీసెకను లోపే జవాబు రావాలి. ఇక్కడ బాగుండి బయటకు వెళ్లేసరికి చెడితే, అప్పుడు కంపెనీని అడగండి.

ఇక చివర్లు. జాకును వెలుతురుకు పట్టి ముందువైపు నుంచి చూడండి. 8 తీగల కొనలూ చివరి గోడకు ఆనుకుని మెరవాలి. ఒకటి వెనకబడి ఉంటే దొంగ అదే. వెనకవైపు పై తొడుగు జాకు లోపలికి వెళ్లి, అక్కడ వైరును నొక్కి పట్టే బిగింపు కింద ఉండాలి. రంగు తీగలు బయటికి కనిపిస్తుంటే బల్ల జరిపిన ప్రతిసారీ లాగుడు తీగల మీదే పడుతుంది. జత తీగల మెలి విప్పింది అరంగుళం దాటకూడదు. వరస వైట్ ఆరెంజ్, ఆరెంజ్, వైట్ గ్రీన్, బ్లూ, వైట్ బ్లూ, గ్రీన్, వైట్ బ్రౌన్, బ్రౌన్. రెండువైపులా ఒకేలా ఉంటే చాలుగా అని రంగుల జతలు పక్కపక్కన పెట్టేస్తారు కొందరు. అలా చేస్తే 3, 6 పిన్నులకు వేర్వేరు జతల తీగలు పడతాయి. చౌక లాన్ వైరు టెస్టర్‌లో 8 లైట్లూ చక్కగా వెలుగుతాయి, నెట్ మాత్రం నత్తనడక. ఆ టెస్టర్ చెప్పేది తీగ తెగిందా లేదా అన్నంతవరకే.

మా వైపు తప్పు సంగతి. రేటు తగ్గించమన్న చోట్ల సీసీఏ వైరు వేశాం. అది అల్యూమినియం తీగ మీద రాగి పూత. లాన్ వైరు రకాలైన క్యాట్5ఈ, క్యాట్6 ప్రమాణాలు అడిగేది పూర్తి రాగిని. బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది, నాలుగైదుసార్లు వంచితే విరుగుతుంది. నిరోధం రాగి కన్నా సుమారు ఒకటిన్నర రెట్లు. కంప్యూటరుకు చాలా ఇళ్లలో నడిచిపోతుంది కానీ అదే వైరులో కరెంటు కూడా పంపే మేడ మీది కెమెరాలకు పనికిరాదు. పగలంతా బాగానే ఉండి, చీకటి పడగానే కెమెరా ఆగి ఆగి మొదలవుతోందంటే కారణం ఇదే కావచ్చు. రాత్రి కెమెరాలోని ఐఆర్ లైట్లు (చీకట్లో చూడ్డానికి వాడేవి) వెలిగి కరెంటు ఎక్కువ లాగుతాయి, దారిలో వోల్టేజీ పడిపోతుంది. ఇకమీదట సీసీఏ వేయం, అడిగినా సరే. పాత బిల్లుల్లో అది ఉన్నవారికి వైరు ఖరీదు మాత్రమే తీసుకుని కూలి లేకుండా మారుస్తాం. మేడ మీద ఇంటి లోపల వాడే వైరు వేసిన చోట ఎండకు తొడుగు పగుళ్లిస్తుంది, అక్కడ నల్లటి అవుట్‌డోర్ వైరే.

కరెంటు వైర్లు ఉన్న పైపులో లాన్ వైరు లాగడం కూడా మానేశాం. 230 వోల్టుల వైరుకు తొడుగు చెడితే పోయేది నెట్ ఒక్కటే కాదు. బిల్డర్ వేరే పైపు వదలకపోతే గోడ పైన కేసింగ్ వేయాల్సిందే, అందం కాస్త తగ్గినా.

సింగ్‌నగర్ వైపు 2024 సెప్టెంబరు బుడమేరు ముంపులో నీళ్లొచ్చిన ఇళ్లవాళ్లు కింది అంతస్తు గోడ బాక్సులు ఒకసారి విప్పి చూడండి. రాగి మీద పచ్చ చిలుము కనిపిస్తే జాకు మార్చడం చాలదు. నీరు తొడుగు లోపలికి పాకి ఉంటుంది. రాగి మళ్లీ మెరిసేదాకా వైరు కత్తిరించుకుంటూ పోవాలి. పొడవు మిగలకపోతే కొత్త వైరే, మధ్యలో అతుకు వేయం.

ఇల్లంతా ఒక్కసారిగా నెట్ పోయి నెట్‌వర్క్ స్విచ్ (లాన్ వైర్లన్నీ కలిసే పెట్టె) లైట్లన్నీ పిచ్చిగా కొట్టుకుంటుంటే ఒకే వైరు రెండు చివర్లూ ఆ స్విచ్‌లోనే ఉన్నాయేమో చూసి ఒకటి పీకండి. ఇల్లు తుడిచిన రోజు ఎక్కువగా జరిగేది ఇదే. 169.254తో మొదలయ్యే అడ్రస్ కనిపిస్తే కంప్యూటరుకు రౌటర్ నుంచి అడ్రస్ అందలేదని అర్థం. రెండో రౌటర్ కొని లాన్ నుంచి లాన్‌కు తగిలిస్తే దాని అడ్రస్ మార్చి, అందులో డీహెచ్‌సీపీ (పరికరాలకు అడ్రస్‌లు పంచే పని) ఆపేయండి.

ఇవన్నీ చూశాక కూడా తేలకపోతే లింక్ స్పీడ్ స్క్రీన్, రెండు చివర్ల జాకులు దగ్గరగా తీసిన ఫోటోలు, వైరు మీది అక్షరాలు వాట్సాప్ చేయండి. ఫోటోలో తేలిపోతే రూ.300 విజిట్ చార్జీ ఉండదు.